ఎక్కనని మొరాయించే విమానం: హోమ్ సిమ్యులేటర్‌లో క్లైంబ్ తిప్పలు

ఇంట్లో ఫ్లైట్ సిమ్యులేటర్ నడిపేవాళ్లను ఏది కష్టం అని అడిగితే ల్యాండింగ్ అంటారు. కానీ సాఫ్ట్‌వేర్ మీద అనుమానం పుట్టించేది మాత్రం క్లైంబే, అంటే పైకి ఎక్కడమే. ల్యాండింగ్ చెడితే తప్పు మన చేతిదని ఒప్పుకుంటాం. థ్రాటిల్ (ఇంజిన్ శక్తి పెంచే లీవర్) మొత్తం ముందుకు నెట్టినా విమానం నిమిషానికి 200 అడుగులు కూడా ఎక్కకపోతే ఏదో బగ్ ఉందని తేల్చేస్తాం. ఆటోపైలట్‌కి 8,000 అడుగులని చెప్పినా ఆగకుండా పోతే, ముక్కు దానంతటదే పైకి లేస్తుంటే, లేదా విమానం పైకీ కిందకీ ఊగుతూ పోతుంటే కూడా అంతే.

బగ్గులు లేవని కాదు, ఉన్నాయి. కానీ ఇలాంటి సందర్భాల్లో చాలావరకు సిమ్యులేటర్ నిజం విమానం చేసే పనే చేస్తుంటుంది. ఎందుకు చేస్తోందో అర్థం కావాలంటే ముందు విమానం ఎలా ఎక్కుతుందో కాస్త లెక్క చూడాలి.

ఖర్చులు పోగా మిగిలింది

సెస్నా 172ఎస్‌నే తీసుకుందాం. దాదాపు ప్రతి సిమ్యులేటర్‌లోనూ ఏదో ఒక 172 ఉంటుంది. ఈ మోడల్ ఇంజిన్ 180 హార్స్‌పవర్, గరిష్ఠ బరువు 2,550 పౌండ్లు. ఆ బరువుతో సముద్ర మట్టం దగ్గర నిమిషానికి 730 అడుగులు ఎక్కుతుందని తయారీదారు చెబుతాడు. అంత బరువును అంత వేగంగా పైకి లేపడానికి ఎంత శక్తి కావాలో లెక్కేస్తే సుమారు 56 హార్స్‌పవర్ వస్తుంది. మరి మిగతాది ఏమైంది? ప్రొపెల్లర్ ఇంజిన్ శక్తినంతా పనిగా మార్చలేదు. 80 శాతం మారుస్తుందనుకుంటే చేతికొచ్చేది 144. అందులో 88 దాకా గాలి నిరోధాన్ని తట్టుకుని ముందుకు పోవడానికే సరిపోతుంది. జీతంలో ఇంటి ఖర్చులన్నీ పోగా నెలాఖరుకు మిగిలేది ఎలాగో, క్లైంబ్ కూడా అలాగే.

ఇంజిన్ శక్తి ఒక్క 10 శాతం తగ్గిందనుకోండి. 144 కాస్తా 130 అవుతుంది. నిరోధం ఖర్చు 88 మాత్రం తగ్గదు. మిగులు 56 నుంచి 42కి పడిపోతుంది. అంటే క్లైంబ్‌లో పావు వంతు పోయింది. సమతలంగా వెళ్తున్నప్పుడు ఇదే 10 శాతం తగ్గితే వేగంలో నాలుగైదు నాట్లు (విమాన వేగపు కొలత) తేడా వస్తుందేమో, మనం గమనించం కూడా. అందుకే సెటప్‌లో ఎక్కడ చిన్న లోపం ఉన్నా అది మొదట క్లైంబ్‌లోనే బయటపడుతుంది. క్లైంబ్ బాగాలేదంటే క్లైంబ్‌కి సంబంధించిన సెట్టింగే తప్పు అనుకోవడం వల్ల సగం మంది తప్పు చోట వెతుకుతారు.

శక్తిని తినేసేవాటిలో మొదటిది మిక్స్చర్, అంటే ఇంజిన్‌లోకి వెళ్లే పెట్రోలు, గాలి పాళ్లు. టర్బో లేని ఇంజిన్ ప్రతి 1,000 అడుగులకు సుమారు 3 శాతం శక్తి కోల్పోతుంది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది కాబట్టి అది మామూలే. మిక్స్చర్‌ని మార్చే ఎర్ర నాబ్‌ని పూర్తిగా లోపలికి నెట్టి వదిలేస్తే, ఆ పలచని గాలికి పెట్రోలు ఎక్కువైపోయి ఉన్న శక్తి కూడా చేతికి రాదు. దాదాపు 3,000 అడుగులు దాటాక కొద్దికొద్దిగా వెనక్కి లాగి ఇంజిన్ ఆర్‌పీఎం ఎక్కడ గరిష్ఠమవుతుందో చూసుకోవాలి. సిమ్యులేటర్ సెట్టింగ్స్‌లో ఆటో మిక్స్చర్ ఆన్‌లో ఉన్నవాళ్లకు ఈ బాధ తెలియదు. అది ఆఫ్ చేసిన రోజు నుంచే విమానం పాడైందని అనిపించడం మొదలవుతుంది.

రెండోది వేడి. 5,000 అడుగుల ఎత్తున్న రన్‌వే మీద 35 డిగ్రీల ఎండలో బయల్దేరుతున్నారనుకోండి. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత 5 డిగ్రీలు. అంటే 30 డిగ్రీలు ఎక్కువ. ఒక్కో డిగ్రీకి 120 అడుగుల చొప్పున కలుపుకుంటే, విమానం దృష్టిలో ఆ రన్‌వే 8,600 అడుగుల ఎత్తులో ఉన్నట్టు. 172ఎస్ సర్వీస్ సీలింగ్ 14,000 అడుగులు. అక్కడ అది ఎక్కగలిగేది నిమిషానికి 100 అడుగులే. ఈ లెక్కన 8,600 దగ్గర ఎక్కుడు 730లో సగం కూడా ఉండదు. లైవ్ వెదర్ ఆన్ చేసుకుని కొండ ప్రాంతాల్లో ఎగిరేవాళ్లు, నిన్న బాగానే ఎక్కిన విమానం ఇవాళ ఎందుకు ఎక్కట్లేదని అడిగే ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఇదే.

ఫ్లాప్స్ (రెక్కల వెనక దించే పలకలు) మూయడం మర్చిపోవడం, బరువు మితిమీరడం అందరికీ తెలిసినవే, వాటి గురించి సాగదీయను. ఎక్కువమంది పట్టించుకోనిది రడ్డర్, అంటే పెడల్స్‌తో కదిపే తోక పలక. ఫుల్ పవర్‌లో ముక్కు పైకెత్తి ఎక్కుతున్నప్పుడు సింగిల్ ఇంజిన్ విమానం ఎడమకు లాగుతుంది. కుడి పెడల్ తొక్కకపోతే విమానం కొంచెం పక్కవాటుగా జారుతూ పోతుంది, నిరోధం పెరుగుతుంది. పెడల్స్ లేనివాళ్లు జాయ్‌స్టిక్ మెలితిప్పుడుని వాడుకోవాలి, లేదా ఆటో రడ్డర్ ఆన్ చేసుకోవాలి. టర్న్ కోఆర్డినేటర్‌లోని బంతి మధ్యలో ఉందో లేదో చూస్తే చాలు.

ఇక వేగం. విమానం ఎక్కట్లేదని ముక్కు ఇంకా పైకెత్తడం మనిషికి సహజంగా వచ్చే ఆలోచన. ఒక హద్దు దాటాక అది ఎదురు తిరుగుతుంది. 172ఎస్ సముద్ర మట్టం దగ్గర అత్యధిక వేగంతో ఎక్కేది 74 నాట్ల దగ్గర. అంతకంటే బాగా నెమ్మదిస్తే రెక్కలు లిఫ్ట్ (పైకి లేపే బలం) కోసం ఎక్కువ కోణంలో గాలిని ఢీకొట్టాలి, దానివల్ల నిరోధం పెరిగిపోతుంది. అప్పుడు ముక్కు ఎత్తేకొద్దీ ఎక్కుడు తగ్గుతుంది. 58 నాట్ల దగ్గర కష్టపడుతున్న విమానానికి మందు ముక్కు కొంచెం దించడమే. 74కి రానిచ్చి మళ్లీ చూడండి.

ఆటోపైలట్ మీరు అడిగిందే చేస్తోంది

నా దృష్టిలో మొత్తం ఈ వ్యవహారంలో అతి పెద్ద చిక్కుముడి ఇదే. ఆటోపైలట్ ఆన్ చేయడం అంటే ఒక మోడ్‌ని ఎంచుకోవడం. ఏ మోడో మనం చూసుకోకపోతే అది తనకు అలవాటైన మోడ్‌లోకి వెళ్తుంది. పాత 172ల్లో ఉండే కేఏపీ 140 అనే ఆటోపైలట్‌లో ఏపీ (ఆటోపైలట్) బటన్ నొక్కితే, ఆ క్షణానికి విమానం ఎంత వేగంగా ఎక్కుతోందో దాన్నే పట్టుకుంటుంది. జీ1000 (డయల్స్ బదులు తెరలు) ఉన్న కొత్త 172లోని జీఎఫ్‌సీ 700 ఆటోపైలట్ అయితే ఆ క్షణాన ముక్కు ఎంత కోణంలో ఉందో దాన్ని పట్టుకుంటుంది. ఒక విమానం నుంచి ఇంకోదానికి మారినవాళ్లకు ఆటోపైలట్ వింతగా ప్రవర్తిస్తోందని అనిపించడంలో ఆశ్చర్యం లేదు.

వర్టికల్ స్పీడ్ మోడ్, అంటే వీఎస్, ప్రమాదకరమైన అమాయకుడు. నిమిషానికి 700 అడుగులు ఎక్కమంటే ఎక్కుతుంది. వేగం ఏమవుతోందో దానికి అనవసరం. సముద్ర మట్టం దగ్గర 700 ఎలాగోలా వచ్చేస్తుంది. 6,000 దగ్గరికొచ్చేసరికి పూర్తి బరువున్న 172 సామర్థ్యం 460 చుట్టుపక్కలకు పడిపోతుంది. ఆటోపైలట్ మాత్రం 700 కోసం ముక్కు ఎత్తుతూనే ఉంటుంది. వేగం 80, 70, 60 అని కరిగిపోతుంది. చివరికి స్టాల్ (రెక్కలు లిఫ్ట్ కోల్పోవడం) గురించి హెచ్చరించే హారన్ మోగుతుంది. ఈలోగా మీరు లేచి మంచినీళ్లకు వెళ్లి ఉంటే, తిరిగొచ్చేసరికి విమానం గిరగిరా తిరుగుతూ కిందికి పోతుంటుంది.

ఎఫ్‌ఎల్‌సీ (ఫ్లైట్ లెవెల్ చేంజ్) మోడ్ దీనికి విరుద్ధం. అది వేగాన్ని పట్టుకుంటుంది, ఎక్కుడు ఎంత వస్తే అంత. స్టాల్ భయం చాలావరకు ఉండదు. కానీ దీనికీ ఒక మెలిక ఉంది. బటన్ నొక్కిన క్షణంలో ఉన్న వేగాన్నే అది లక్ష్యంగా తీసుకుంటుంది. 110 నాట్లతో క్రూయిజ్‌లో (ఒకే ఎత్తులో సాగే ప్రయాణంలో) వెళ్తూ, థ్రాటిల్ ముట్టుకోకుండా పై ఎత్తు సెట్ చేసి ఎఫ్‌ఎల్‌సీ నొక్కితే విమానం ఎక్కినట్టే ఉండదు. 110 నాట్ల దగ్గర మిగులు శక్తి దాదాపు లేదు మరి. చిన్న విమానాల్లో ఆటోపైలట్ థ్రాటిల్‌ని తాకదు. ముందు ఫుల్ పవర్ ఇచ్చి, లక్ష్య వేగాన్ని 80 చుట్టుపక్కలకు తగ్గిస్తే అప్పుడు కదులుతుంది.

చెప్పిన ఎత్తు దగ్గర ఆగకపోవడానికి సాధారణ కారణాలు మూడు కనిపిస్తాయి. ఎంచుకున్న ఎత్తు ఇప్పుడున్న ఎత్తు కంటే కింద ఉండటం ఒకటి. అలాంటప్పుడు వీఎస్‌లో పైకి పొమ్మంటే దాన్ని ఆపే గోడ ఏదీ ఉండదు. రెండోది ఏఎల్‌టీ (ఆల్టిట్యూడ్, అంటే ఎత్తు) బటన్‌ని అపార్థం చేసుకోవడం. అది సెట్ చేసిన ఎత్తుకి వెళ్లమని చెప్పే బటన్ అనుకుంటారు కొందరు. చాలా విమానాల్లో అది ఇప్పుడున్న ఎత్తునే పట్టుకోమని చెబుతుంది. వేగంగా ఎక్కుతుండగా నొక్కితే కొంచెం పైకి దూసుకెళ్లి, మళ్లీ వెనక్కి దిగొస్తుంది. చూసేవాళ్లకు అది పిచ్చి పట్టినట్టు ఉంటుంది.

మూడోది ఆల్టిమీటర్, అంటే ఎత్తు చూపే డయల్, సెట్టింగ్. ఆల్టిమీటర్ కొలిచేది గాలి ఒత్తిడిని, దాన్నే అడుగుల్లో చూపిస్తుంది. ఒక్క హెక్టోపాస్కల్ తేడాకి సుమారు 28 అడుగులు, ఒక అంగుళం పాదరసానికి దాదాపు 1,000 అడుగులు. బయటి ఒత్తిడి 1003 హెక్టోపాస్కల్స్ ఉన్నప్పుడు ఆల్టిమీటర్ ప్రామాణికమైన 1013 మీదే ఉంటే, 280 అడుగులు ఎక్కువ చూపిస్తుంది. విమానం సరైన అంకె దగ్గరే ఆగుతుంది, తప్పు ఎత్తులో. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో డిఫాల్ట్‌గా బీ కీ నొక్కితే ఆ ప్రాంతపు ఒత్తిడి సెట్ అవుతుంది. కేఏపీ 140కి ఆల్టిమీటర్‌తో సంబంధం లేకుండా తనదైన ఒత్తిడి సెట్టింగ్ కూడా ఉంటుంది. వివరంగా తయారుచేసిన మోడళ్లలో ఈ రెంటికీ పొత్తు కుదరకపోతే డయల్ ఒకటి చెబుతుంది, ఆటోపైలట్ ఇంకోచోట ఆగుతుంది.

అమెరికాలో 18,000 అడుగులు దాటాక అందరూ 29.92 అంగుళాలకు, అంటే 1013కి మారాలి. వేరే దేశాల్లో ఈ ఎత్తు వేరుగా ఉంటుంది. మారిన క్షణంలో ఆల్టిమీటర్ అంకె ఒక్కసారిగా దూకడం బగ్ కాదు.

డయల్ అబద్ధం చెప్పినప్పుడు

మేఘాల్లోంచి ఎక్కుతున్నప్పుడు వేగం అకారణంగా పెరుగుతూ పోతే ముందు చూడాల్సింది పిటో హీట్ స్విచ్. వేగం కొలవడానికి ఎదురుగాలి ఒత్తిడిని తీసుకునే గొట్టం పిటో ట్యూబ్, దాన్ని వేడిచేసేది ఈ స్విచ్. పిటో ట్యూబ్ మంచుతో పూర్తిగా మూసుకుపోతే అందులో పాత ఒత్తిడి బందీ అయిపోతుంది. ఎక్కేకొద్దీ బయటి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి, తేడా పెరిగి వేగం డయల్ పైకి పోతుంది. అప్పుడు అది ఆల్టిమీటర్‌లా పనిచేస్తున్నట్టే. వేగాన్ని పట్టుకోవాల్సిన ఆటోపైలట్ ఆ పెరుగుదలని నమ్మి ముక్కు ఎత్తుతుంది. అసలు వేగం పడిపోతుంది. డయల్ ఇంకా పెరుగుతుంది.

నిజ జీవితంలో ఇది మనుషుల ప్రాణాలు తీసింది. 1974 డిసెంబర్ 1న న్యూయార్క్ రాష్ట్రంలో నార్త్‌వెస్ట్ ఓరియెంట్ 6231 అనే బోయింగ్ 727 పిటో హీట్ ఆన్ చేయకుండా ఎక్కింది. వేగం ఎక్కువైపోతోందని భ్రమపడిన సిబ్బంది ముక్కు ఎత్తుతూ పోయి స్టాల్ చేశారు. విమానంలో ఉన్న ముగ్గురూ చనిపోయారు. 1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్‌లో ప్వెర్తో ప్లాటా నుంచి బయల్దేరిన బిర్గెన్ ఎయిర్ 301 విషయంలోనూ మూసుకుపోయిన పిటో ట్యూబే మూలం. ఆ బోయింగ్ 757లో 189 మంది పోయారు. బయటి గాలి ఒత్తిడి తీసుకునే స్టాటిక్ రంధ్రాలు మూసుకుపోతే వేరే రకం గందరగోళం. ఆల్టిమీటర్ ఒకచోట బిగుసుకుపోతుంది, వర్టికల్ స్పీడ్ సున్నా దగ్గర ఉండిపోతుంది. కిటికీలోంచి చూస్తే మాత్రం నేల దూరమవుతూ ఉంటుంది. ఇంట్లో కుర్చీలో కూర్చుని ఇదే దృశ్యం చూస్తే, అది సిమ్యులేటర్ గొప్పతనమే తప్ప లోపం కాదు.

వర్టికల్ స్పీడ్ డయల్ గురించి ఇంకొక్క మాట. నిజం విమానంలో ఉండే మామూలు రకం అసలు విలువ చూపించడానికి ఆరు నుంచి తొమ్మిది సెకన్లు తీసుకుంటుంది. మంచి మోడళ్లు ఈ ఆలస్యాన్ని కూడా అనుకరిస్తాయి. ఆ ముల్లు వెంట పడి యోక్‌ని (విమానం నడిపే స్టీరింగ్‌ని) ఆడిస్తే విమానం ఊగడం ఖాయం.

ఊగుతుంటే గడియారం చూడండి

ఊగే విమానానికి నేను చేయమనే మొదటి పరీక్ష చేతులు వదిలేసి, ఒక శిఖరం నుంచి తర్వాతి శిఖరానికి ఎన్ని సెకన్లు పడుతోందో లెక్కపెట్టడం. ఆటోపైలట్ ఆఫ్, యోక్ మధ్యలో.

100 నాట్ల వేగం దగ్గర ఒక చుట్టు 20 సెకన్లు దాటి పడుతూ, నెమ్మదిగా పైకెక్కి నెమ్మదిగా దిగుతుంటే అది ఫ్యూగాయిడ్. 1908 నాటికే బ్రిటిష్ ఇంజినీర్ ఫ్రెడరిక్ లాంచెస్టర్ వివరించిన సహజ చలనం అది. వేగం ఎత్తుగా, ఎత్తు మళ్లీ వేగంగా మారుతుంటుంది. ఆదర్శ లెక్క ప్రకారం 100 నాట్లకు 23 సెకన్లు వస్తుంది. వేగం పెరిగేకొద్దీ వ్యవధీ పెరుగుతుంది, క్రూయిజ్‌లో ఉన్న జెట్‌కి నిమిషం దాటిపోతుంది. ట్రిమ్ (యోక్ పట్టుకోకుండానే విమానాన్ని నిలకడగా ఉంచే సర్దుబాటు) సరిచేసి వదిలేస్తే దానంతటదే సద్దుమణుగుతుంది.

ట్రిమ్ పట్టుకునేది వేగాన్ని, ఎత్తుని కాదు. 100 నాట్లకు ట్రిమ్ చేసిన విమానానికి పవర్ పెంచితే వేగం పెద్దగా మారకుండా ముక్కెత్తి ఎక్కడం మొదలుపెడుతుంది. ముక్కు దానంతటదే లేస్తోందని చేసే ఫిర్యాదుల్లో మంచి భాగం ఇక్కడ తేలిపోతుంది.

అదే రెండు మూడు సెకన్లకొకసారి ఊగుతుంటే కథ వేరు. అప్పుడు అనుమానించాల్సింది మీ చేతిని, ఆటోపైలట్‌ని, కంప్యూటర్‌ని. టేబుల్ మీద జాయ్‌స్టిక్ కదిలే దూరం నిజం యోక్ కదిలే దూరంలో చిన్న వంతే. అందుకే కొంచెం నెట్టినా ఎలివేటర్ (ముక్కును పైకీ కిందకీ తిప్పే తోక పలక) ఎక్కువ కదులుతుంది. సెట్టింగ్స్‌లో సెన్సిటివిటీ కర్వ్ (స్టిక్ కదలికకు స్పందన ఎంతో చెప్పే గీత) మధ్యలో మెత్తబరిస్తే తేడా కనిపిస్తుంది. ఆటోపైలట్ ఆన్‌లో ఉన్నప్పుడే ఊగుతుంటే టైమ్ యాక్సిలరేషన్ నాలుగు రెట్లో ఎనిమిది రెట్లో ఉందేమో చూడండి. ఆటోపైలట్ దిద్దుబాట్లు అంత వేగాన్ని అందుకోలేవు. ఫ్రేమ్ రేట్ (తెర మీద సెకనుకు మారే చిత్రాల సంఖ్య) బాగా పడిపోయినా అదే తంతు. ఎక్స్-ప్లేన్ అనే సిమ్యులేటర్‌లో ఫ్రేమ్ రేట్ దాదాపు 20 కంటే తగ్గితే దాని లోపలి కాలమే నెమ్మదిస్తుంది. చేతి వాచీతో కొలిస్తే విమానం తక్కువగా ఎక్కుతున్నట్టు కనిపించడానికి అదొక కారణం.

హార్డ్‌వేర్ విషయానికొస్తే, కనెక్ట్ చేసిన ప్రతి పరికరానికీ సిమ్యులేటర్ తనంతట తాను కొన్ని యాక్సిస్‌లు (ఏ లీవర్ కదలిక దేన్ని కదపాలో చెప్పేవి) కేటాయించేస్తుంది. గేమ్ కంట్రోలర్, థ్రాటిల్ క్వాడ్రంట్ (లీవర్లుండే పెట్టె) రెండూ ఒకే థ్రాటిల్‌ని లాగుతుంటే ఇంజిన్ శక్తి ఎగిరెగిరి పడుతుంది. అంతకంటే దొంగది స్పాయిలర్ (లిఫ్ట్ తగ్గించడానికి రెక్కల మీద లేచే పలక) యాక్సిస్. క్వాడ్రంట్‌లో మీరు వాడని లీవర్ సగంలో ఉండి, అది స్పాయిలర్లకు ముడిపడి ఉంటే, జెట్ రెక్కల మీద పలకలు సగం లేచే ఉంటాయి. కాక్‌పిట్ లోంచి అవి కనపడవు. బయటి కెమెరాతో ఒక్కసారి రెక్కలు చూస్తే గంటల టెన్షన్ తప్పుతుంది. పాతబడిన జాయ్‌స్టిక్ లోపలి పొటెన్షియోమీటర్ ముట్టుకోకుండానే సిగ్నల్ వణికిస్తుంది. సెట్టింగ్స్ తెరలో యాక్సిస్ గీత చేయి తీసేసినా కదులుతుంటే డెడ్‌జోన్ (చిన్న కదలికలను పట్టించుకోని మధ్య భాగం) కొంచెం పెంచాలి.

జెట్‌లకు వాటి తిక్కలు వాటికున్నాయి. ఎయిర్‌బస్‌లో టేకాఫ్ తర్వాత లీవర్లను సీఎల్‌బీ (క్లైంబ్) గాడిలోకి తీసుకురాకపోతే ఆటోథ్రస్ట్ (ఇంజిన్ శక్తిని తనే సర్దే వ్యవస్థ) పని మొదలుపెట్టదు. ఇంటి క్వాడ్రంట్‌లో ఆ గాడి ఎక్కడుందో క్యాలిబ్రేట్ చేసుకోవాలి. 10,000 అడుగుల దగ్గర ఎక్కుడు ఒక్కసారిగా తగ్గిపోతే కంగారు పడక్కర్లేదు. అక్కడిదాకా 250 నాట్ల పరిమితి ఉంటుంది, అది దాటాక విమానం శక్తిని వేగం పెంచుకోవడానికి మళ్లిస్తుంది. పూర్తి ఇంధనంతో బయల్దేరిన 737 మొదట్లోనే 41,000 అడుగులకు ఎక్కదు. దాని ఎఫ్‌ఎంసీ (ప్రయాణ లెక్కలు చేసే కంప్యూటర్) క్రూయిజ్ పేజీలో ఆ బరువుకి గరిష్ఠ ఎత్తు ఎంతో రాసి ఉంటుంది, చూసేవాళ్లే తక్కువ.

ఒక్కొక్కటీ తీసేస్తూ

ఇవన్నీ చూసినా తేలకపోతే అప్పుడు పద్ధతిగా వెతకాలి. సిమ్యులేటర్‌తో పాటు వచ్చిన డిఫాల్ట్ విమానం తీసుకుని, సముద్ర మట్టం దగ్గరి ఎయిర్‌పోర్ట్ నుంచి, 15 డిగ్రీలు, గాలి లేని నిర్మలమైన వాతావరణం పెట్టి, టైమ్ రేట్ మామూలుగా ఉంచి, చేత్తో ఎక్కించండి. విమానం మాన్యువల్‌లోని క్లైంబ్ పట్టికతో పోల్చండి. 172ఎస్ 74 నాట్ల దగ్గర పూర్తి బరువుతో 700 చుట్టుపక్కల ఎక్కుతుంటే సిమ్యులేటర్ మూలం బాగున్నట్టే. ఇక సమస్య మీరు తీసేసిన వాటిలోనే ఉంది. లైవ్ వెదర్, ఆటోపైలట్, అదనపు పరికరాలు, యాడ్-ఆన్ విమానం, ఒక్కొక్కటిగా తిరిగి కలపండి. రెండు ఒకేసారి మారిస్తే ఏది కారణమో తెలియదు, మళ్లీ మొదటికొస్తుంది.

డిఫాల్ట్ విమానమే తప్పుగా ఎక్కుతుంటే పరికరాలన్నీ తీసేసి కీబోర్డుతో ప్రయత్నించండి. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌లో యాడ్-ఆన్‌లు ఉండే కమ్యూనిటీ ఫోల్డర్‌ని ఖాళీ చేసి చూడండి. ప్రకృతి దృశ్యాల కోసం వేసుకున్న యాడ్-ఆన్ కూడా ఫ్రేమ్ రేట్‌ని తినేసి పరోక్షంగా క్లైంబ్‌ని పాడుచేయగలదు. 2020 వెర్షన్‌లో ఫ్లైట్ మోడల్ సెట్టింగ్ లెగసీ (పాత పద్ధతి) మీద ఉందేమో కూడా చూడాలి. ఎక్స్-ప్లేన్‌లో డేటా అవుట్‌పుట్ తెర తెరిస్తే ఎలివేటర్, ట్రిమ్, థ్రాటిల్ నిజంగా ఏ విలువలో ఉన్నాయో అంకెల్లో కనిపిస్తాయి. ఊహలకు అక్కడితో తెరపడుతుంది.

డిఫాల్ట్ విమానం బాగానే ఉండి, కొనుక్కున్న విమానం ఒక్కటే మొరాయిస్తే తయారుచేసినవాళ్లకు రాయాల్సిందే. విమానం ఎక్కట్లేదు అని ఒక ముక్క రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. బరువు, ఇంధనం, బయటి ఉష్ణోగ్రత, ఒత్తిడి, ఎత్తు, వేగం, ఆటోపైలట్ మోడ్, సిమ్యులేటర్ వెర్షన్, విమానం వెర్షన్ రాయండి. మాన్యువల్ పట్టిక ప్రకారం ఎంత ఎక్కాలో, మీకు ఎంత వచ్చిందో పక్కపక్కన పెట్టండి. ఎక్స్-ప్లేన్ వాడేవాళ్లైతే ప్రధాన ఫోల్డర్‌లో ఉండే లాగ్ ఫైల్ జత చేయండి, మళ్లీ ఎగిరేలోపే తీసి దాచుకోవాలి, ఎందుకంటే సిమ్యులేటర్ తెరిచిన ప్రతిసారీ పాతదాని మీద కొత్తది రాసేస్తుంది.